పేరు అడిగిన తొడుగు

ఈ సంగతి మొదట చెప్పినవాడు వలలు అల్లే కోరాడ లచ్చన్న. పెళ్లిలో పులుసు ఉప్పుకషాయమైతే పెళ్లివారి మొహానే చెప్పేసే మనిషి. ఆనాడు విశాఖ మెడికల్ హాలు వరుసలో అతనూ ఉన్నాడు. ఊళ్లో వేరేగా చెప్పుకునేవాళ్లెవరూ అక్కడ లేరు.

గరికిన కాసులమ్మ చెయ్యి అప్పటికే తొడుగులో ఉంది. చంద్రుడి మీద మంచు కరిగించి కట్టిన చెరువుల్లో చేపలు పెంచడానికి ఆమెనీ మొగుణ్ణీ పిలిచారు. ఆమె ఆడబిడ్డ అప్పయ్యమ్మకి అక్కడే వంటపని. వెళ్లేముందు తొమ్మిది టీకాలు పడాలి. వెనకటికైతే నెలల తరబడి తిరగాలి, జబ్బలు వాయాలి. ఇప్పుడు ఈ మెత్తటి తొడుగు చాలు. లోపల దోమ మూతికన్నా సన్నని సూదులు. ముందు రక్తాన్ని చదివి, ఒంటికి ఏది ఎంత కావాలో చూసుకుని, అన్నీ ఒక్క ఊపిరిలో ఎక్కించేస్తుంది. ఒకరి బదులు ఒకరు చెయ్యి పెట్టకుండా దానికో గొంతు తాళం ఉంది. అడిగింది నోటితో చెబితేనే సూదులు కదులుతాయి. వెళ్లేవాళ్లందరి గొంతులూ దానికి ముందే తెలుసు; ఏ గొంతు చెబితే ఆ మనిషి పేరునే టీకాలు నమోదవుతాయి.

"మీ భర్త పేరు?" అంది తొడుగు.

కాసులమ్మ గోడవార కూర్చున్న ముసలాయన్ని గడ్డంతో చూపించింది. "ఆయనే."

"మళ్లీ చెప్పండి."

"మా ఆయనమ్మా! దీనికి కళ్లు లేవా?"

తొడుగు కనిపెట్టిన డాక్టర్ హిమజ నవ్వింది. "సూదంటే భయమా అమ్మా?"

"భయమేటి? జెల్లచేప ముల్లు దిగితే పళ్లతో పీకి, ఆ చేత్తోనే చేప కోసినదాన్ని."

మొగుడి పేరు పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని కాసులమ్మకు తల్లి చెప్పింది. ఇంత కాపురంలో ఆ పేరు ఆమె నోట రాలేదు.

వెనక వరుసలో అప్పయ్యమ్మ. ఒక పెళ్లిలో తనకు పీట వెయ్యలేదని వదినతో ఏళ్లతరబడి మాటల్లేవు. కానీ కాళ్లు పీకుతున్నాయి. "గరికిన దండాసి! మా అన్నే!" అని అరిచింది.

తొడుగు బిగిసి వదిలింది. అయిపోయింది.

అప్పయ్యమ్మ చెయ్యి పెట్టబోతే తొడుగు ఒప్పుకోలేదు. "మీకు ఇందాకే తొమ్మిదీ పడ్డాయి." కాసులమ్మకేమో ఒక్కటీ పడలేదంది.

హిమజ నవ్వు ఆగింది. "ఈవిడకి మళ్లీ వెయ్యకూడదు, ఒళ్లు తట్టుకోదు. టీకా గుర్తు రక్తంలో కనబడాలంటే రెండు వారాలు. చంద్రుడికెళ్లే ఓడ సోమవారమే." అది తప్పితే మళ్లీ మూడేళ్లకి. "అమ్మా, ఆ చెయ్యే మళ్లీ పెట్టి మీ గొంతుతో పేరు చెప్పండి. చెయ్యిని గుర్తుపట్టి అదే దిద్దుకుంటుంది. లేకపోతే మీరిద్దరూ ఇక్కడే."

"నానుండిపోతాను. ఆయన్ని పంపెయ్యండి."

"నువ్వుండిపోతే నా సంగతేటి వదినా?" అంది అప్పయ్యమ్మ. అన్నేళ్ల తర్వాత అదే మొదటి పిలుపు. "చెప్పు వదినా. అన్న పేరు నాను మాటలొచ్చినకాణ్ణించి పిలుస్తున్నాను. చచ్చాడేటి?"

దండాసి లేచి వచ్చాడు. "చెప్పెయ్యే. నీ నోట నా పేరెలాగుంటాదో ఇనకుండానే పొమ్మంటావా?"

కాసులమ్మ చెయ్యి తొడుగులో పెట్టింది. "అయితే అందరూ అటు తిరగండి."

తిరిగారు. హిమజా తిరిగింది.

"దండాసి."

"ఆఁ," అన్నాడు ముసలాయన.

పచ్చదీపం వెలిగింది. తొడుగు లెక్క దిద్దుకుని, అప్పయ్యమ్మ చెయ్యి అడిగింది.

ఇప్పుడు ముగ్గురూ పైనే ఉన్నారు. చెరువుల్లో చేపపిల్లలు గుంపులు కట్టాయట. ఆనాటి పలుకునే అక్కడి తలుపులకు తాళంచెవిగా పెట్టారు. గది తెరవాలన్నా, మేత కొట్టు తెరవాలన్నా కాసులమ్మ ఆ పేరు అనాల్సిందే. అన్నప్పుడల్లా ముసలాయన "ఆఁ, వస్తన్నా" అంటూ గట్టు దిగి పరుగు. ఆ పరుగులకి ఆయుష్షు తగ్గడం మాట అటుంచి, మనిషి రాయిలా గట్టిపడ్డాడని కబురు.

ఒక్కటే మింగుడుపడదు. "ఒకామె సూదికి భయపడి నోరు విప్పలేదు" అని ఆ డాక్టరమ్మ ఇప్పటికీ సభల్లో చెబుతోందట. అటు తిరిగి నిలబడి అన్నీ విన్న మనిషే! చదువుకున్నవాళ్లెవరైనా వెళ్లి ఆ మాట దిద్దించండి. కాసులమ్మ భయపడింది సూదికి కాదు, దండాసి కోసం.