జుట్టులో పాదరసం

కెమిస్ట్ శవం చేపల ఫ్రీజర్‌లో దొరికింది. చేతులు ఛాతీ మీద చక్కగా మడిచి ఉన్నాయి. అతను నది పొడవునా తిరిగి సేకరించిన చేపల శాంపిల్స్ ఒక్కటీ లేవు. వాటి చోట చెరువు చేపలు పేర్చి ఉన్నాయి.

"చంపినవాళ్లకి శుభ్రత కాస్త ఎక్కువే," అన్నాడు బాస్, ఫోటో బల్ల మీద పడేస్తూ.

ఎదురుగా నిలబడ్డ సీక్రెట్ ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో 'కత్తెర' అంటారు. అతనికి నవ్వు రాలేదు.

"ఎగువనున్న విదేశీ ఫ్యాక్టరీ నదిలోకి పాదరసం వదులుతోంది. చిన్న చేపని పెద్ద చేప తింటుంది, పెద్ద చేపని మనం తింటాం. పోనుపోనూ విషం ఎక్కువవుతుంది. ఉడికించినా వేయించినా పోదు. దెబ్బ నరాలకీ మెదడుకీ. కడుపులో బిడ్డకైతే మరీ ప్రమాదం. సాయంత్రం ప్రెస్ మీట్‌లో మంత్రిగారు ఆ చేపలు సేఫ్ అని సర్టిఫికెట్ మీద సంతకం పెడుతున్నారు," అన్నాడు బాస్.

కత్తెర ఒకడుగు ముందుకేశాడు. "మా చెల్లెలికి ఐదో నెల సార్. రోజూ ఆ చేపలే. టీవీలో ముత్యం తింటోందిగా అని దాని ధైర్యం."

ముత్యం అంటే ఫ్యాక్టరీ డబ్బుతో నది చేపలకి ప్రచారం చేసే అందగత్తె. నిజానికి ఫ్యాక్టరీ వెనకున్న శత్రువుల ముఠాలో డిపార్ట్‌మెంట్ నాటిన మనిషి.

"చేపల్ని మాయం చేశారు, తిన్నవాళ్లని మాయం చెయ్యలేరుగా? పాదరసం జుట్టులో చేరుతుంది. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి." బాస్ ఒక హెయిర్ డ్రయర్ అందించాడు. లోపల ఉన్నది వెంట్రుకల్లో పాదరసం కొలిచే అనలైజర్. పచ్చ లైటు క్షేమం, ఎర్ర లైటు ప్రమాదం.

ప్రెస్ మీట్ జరిగే హోటల్లోనే కింద సెలూన్ ఉంది. తెల్లకోటు, దొంగ మీసంతో కత్తెర అక్కడ చేరాడు. కబురందుకుని ముందుగా చెల్లెలు వచ్చింది.

"నీకు జుట్టు కత్తిరించడం ఎప్పుడొచ్చింది అన్నయ్యా? నన్ను గుండు చేసి పంపవు కదా?"

కత్తిరించిన నాలుగు వెంట్రుకలు లోపల పెట్టగానే డ్రయర్ మీద ఎర్ర లైటు వెలిగింది. కత్తెర డ్రయర్ పక్కన పెట్టాడు.

"ఇవాళ్టి నుంచి ఆ చేప ముట్టుకోకు. తిన్నగా డాక్టర్ దగ్గరికెళ్లు. వెనకాలే వస్తా."

ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుని వెళ్లిపోయింది.

తర్వాత ప్రెస్ మీట్‌కి ముస్తాబవడానికి ముత్యం వచ్చి కుర్చీలో కూర్చుంది.

"నీళ్లు తేటగా ఉన్నాయా?" అతను కోడ్ వాడాడు.

"అడుగు కనిపిస్తోంది." అద్దంలో నవ్వింది. "నమ్మించడానికి ఏడాదిగా రోజూ ఆ చేపే తింటున్నా. దేశం కోసం ఒళ్లు గుల్ల చేసుకున్నాననుకో."

ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరకదని కత్తెర మురిసిపోయాడు. ఆమె వెళ్లగానే రాలిన వెంట్రుకలు డ్రయర్‌లో పెట్టాడు.

పచ్చ లైటు!

మిషన్ చెడిందేమోనని సొంత జుట్టు పెట్టి చూశాడు. అప్పుడప్పుడు చెల్లెలింట్లో తిన్న పాపానికి ఎర్ర లైటు వెలిగింది. మిషన్ బాగానే ఉంది. ముత్యం నది చేప రుచి కూడా చూడలేదు. టీవీలో తిన్నవి చెరువు చేపలు. కెమిస్ట్ ఫ్రీజర్‌లో పేర్చినవీ అవే! అంటే ముత్యం శత్రువుల వైపు ఫిరాయించింది. కత్తెర డ్రయర్ పట్టుకుని మెట్ల వైపు పరుగెత్తాడు.

హాల్లో మంత్రికీ విలేకరులకీ హోటల్ వాళ్ల నది చేపలు వడ్డిస్తున్నారు. వేదిక మీద ముత్యం ముందు మాత్రం ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా ఉంది. కత్తెర వెయిటర్ కోటు తగిలించుకుని ఆ డబ్బా తీసేసి, విలేకరుల ప్లేటొకటి పెట్టాడు.

"నది చేప మేడమ్, తాజాది."

మంత్రి పెన్ను కాగితానికి ఆనించాడు. "కానివ్వండమ్మా! మీరు ముక్క నోట్లో పెట్టుకోగానే నేను సంతకం పెడతా."

కెమెరాలన్నీ ఆమె వైపు తిరిగాయి. ముక్క పెదవుల దాకా వెళ్లి ఆగిపోయింది. ఆమె ముఖంలో రంగు దిగిపోయింది. రెండో చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోని లిప్‌స్టిక్ కోసం వెళ్లింది. అది లిప్‌స్టిక్ కాదు, పిస్టల్. కత్తెర డ్రయర్‌తో ఆమె మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. గుండు పైకప్పులో దిగింది. మంత్రి నోట్లో ముక్క ఉమ్మేసి బల్ల కింద దూరాడు. కాగితం మీద ఒక సిరాచుక్క తప్ప ఏమీ లేదు.

చీకటి పడకముందే ఫ్యాక్టరీకి తాళం పడింది. ఆసుపత్రి వరండాలో చెల్లెలు అన్న చెయ్యి వదల్లేదు. ఒంట్లో పాదరసం మెల్లగా తగ్గుతుందని, బిడ్డ సంగతి మాత్రం పుట్టాకే తెలుస్తుందని డాక్టర్ చెప్పింది. ఏ ముఠాకీ భయపడని కత్తెర ఆ మాటకి భయపడ్డాడు.

అప్పుడే బాస్ ఫోన్ చేశాడు.

"ముత్యం నోరు విప్పిందా సార్?"

"విప్పింది. జైల్లో వండే చేపలు ఏ నీళ్లవని అడిగింది."