పడవలో ఐదుగురికే చోటు

నేను బందరులో ఒక ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరుని. 1956లో, వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో, చర్చి వెనక వీధిలో ఉండే సుబేదారు మాణిక్యం గారు నాకు కబురు పెట్టారు. ఆయన బొటనవేలంత సీసపు సిపాయి బొమ్మలు ఇరవై రెండు పోత పోసుకున్నారు. వాటికి రంగులు వేయాలట. ఊరికే ఖాకీ పులిమితే చాలదు, ఒక్కొక్కరికి వాళ్ళ ముఖమే రావాలన్నారు.

యుద్ధంలో ఆయన కింద పనిచేసినవాళ్ళే ఆ ఇరవై రెండుమందీ. అందులో మా అన్నయ్య ఏలీయా ఒకడు. నలభై రెండులో బర్మా నుంచి వెనక్కి వస్తూ తప్పిపోయాడని కాగితం వచ్చింది. అంతే. పద్నాలుగేళ్ళుగా పోస్టుమాన్ సైకిలు గంట వినిపిస్తే చాలు, మా అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. ఏం జరిగిందో ఈయన ఎన్నడూ నోరు విప్పలేదు. బొమ్మలకు రంగులు వేస్తుంటే చెప్తారేమోనని ఒప్పుకున్నాను.

రోజూ బడి వదిలాక వెళ్ళేదాన్ని. ఆయన ఆనవాళ్ళు చెప్పేవారు. ఒకడికి మైనం అద్ది గడ్డం పెట్టాను. ఒకడి టోపీని కత్తితో గీకి తలగుడ్డ చేశాను. ఉడత వెంట్రుకల కుంచెతో కళ్ళు దిద్దాను. అన్నయ్య ఎడమ కనుబొమ మీది గాటు మాత్రం ఆయన చెప్పకుండానే వేశాను.

ఆఖరి బొమ్మ ఆరిన రోజు తుఫాను కబురు వచ్చింది. మధ్యాహ్నానికే బడి వదిలేశారు. మూడు గంటలకే లాంతరు వెలిగించాల్సి వచ్చింది. సుబేదారు గారు ఒక పాత తలుపును బల్ల మీద పరిచారు. దాని మీద నది గీసి ఉంది, ఒడ్డున ఒక చిన్న చెక్క పడవ. ఇది ఆయన కట్టుకున్న ఆట. పాచిక వేస్తూ మనుషుల్ని అవతలి ఒడ్డుకు చేర్చాలి. చివరి విడతకు ఆరుగురు మిగులుతారు. పడవలో ఐదుగురికే చోటు. ఆరోవాడు బురదలో దిగి పడవను నెట్టి, అక్కడే ఉండిపోవాలి. ఎవరన్నది పాచిక చెప్తుంది. అన్నయ్య అంకె మూడు.

"ఆరోజు కూడా పాచికే వేశానమ్మాయ్," అన్నారు తల దించుకుని. "మూడు పడింది. పద్నాలుగేళ్ళుగా వేస్తూనే ఉన్నాను. మూడే. నీ చెయ్యి పడితేనైనా మారుతుందేమోనని పిలిచాను."

పాచిక తీసి ఆయన చేతిలో పెట్టాను. వేయమన్నాను.

మూడు.

మళ్ళీ వేయమన్నాను. మూడు. లాక్కుని నేనే వేశాను… మూడు.

గదిలో రంగుల వాసన, కిరసనాయిలు వాసన పోయాయి. బురద వాసన. మా ఉప్పుటేటి బురద కాదు… కుళ్ళిన ఆకుల బురద. బల్ల కింద చెక్క ఏదో మెత్తటి నేలను రాసుకుంటున్న చప్పుడు. ఆగి… మళ్ళీ.

అన్నయ్యను తీసి పడవలో పెట్టాను. చేతికందిన ఇంకో బొమ్మను బయటికి తీశాను. సీసం వెచ్చగా ఉంది. మనిషి ఒంటి వేడి.

సుబేదారు గారు నా మణికట్టు పట్టుకున్నారు. "వాడు యేసుదాసు," అన్నారు గుసగుసగా. "చల్లపల్లిలో సైకిళ్ళ షాపు, పెళ్ళాం, పిల్లలు. వాడు బతికొచ్చాడమ్మా. వద్దు."

విన్నాను. అబద్ధం చెప్పను, ప్రతి మాటా విన్నాను. కానీ గుమ్మంలో నిలబడ్డ అమ్మే కళ్ళ ముందుంది. యేసుదాసును బురద ఒడ్డున నిలబెట్టి, పడవను అవతలికి తోశాను.

చప్పుడు ఆగిపోయింది.

తడుస్తూ ఇంటికి పరుగెత్తాను. తలుపు తీసింది అన్నయ్య.

"ఇంత వానలో గొడుగు లేకుండా వెళ్ళావేమే?" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి అన్నం చల్లారిపోతోందని కేకేసింది. ఆమెకు ఇందులో వింతేమీ లేదు. యుద్ధం నుంచి అందరితోపాటే తిరిగొచ్చిన కొడుకు. అన్నయ్య పక్కన కూచుని తేరిపార చూశాను. కనుబొమ మీద గాటు ఉంది. చెవి కింద పుట్టుమచ్చ లేదు… బొమ్మకు అది వేయడం మరిచిపోయాను.

ఆరు నెలలు ఆ ముఖం ఎదురుగా కూచుని అన్నం తిన్నాను. ఇక ఉండబట్టలేక చల్లపల్లి బస్సెక్కాను. యేసుదాసు సైకిళ్ళ షాపు అంటే ఎవరికీ తెలియలేదు. చివరికి ఒకాయన, ఆ పేరు గలవాడు బర్మా యుద్ధంలోనే పోయాడని చెప్పి, అతని భార్య దయామణి ఇల్లు చూపించాడు.

ఆవిడ మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. పెళ్ళయిన ఏడాదికే ఆయన పోయారనీ, పిల్లలు కలగలేదనీ, అప్పట్నుంచీ ఒంటరిగానే ఉంటున్నాననీ చెప్పింది. ముఖం చూడలేక పెరట్లోకి చూశాను. దండెం మీద రెండు చిన్న గౌన్లు, ఒక నిక్కరు ఆరుతున్నాయి.

ఎవరివని అడిగాను.

"తెలీదండీ," అంది మామూలుగానే. "మొన్న తుఫాను నుంచీ, పొద్దున లేచేసరికి మాసిపోయి గుమ్మంలో పడుంటున్నాయి. మట్టీ, మెతుకులూ. ఉతికి ఆరేస్తున్నాను."

లేచి వెళ్ళి ఒక గౌను అంచు వేళ్ళతో సరిచేసింది.

"దీన్ని మాత్రం కుట్టు విప్పి కాస్త పొడుగు చేశానండీ. పొట్టిదైపోతోంది."