హలో అంటున్న ఫోటో

మధ్యాహ్నం మూడయ్యేసరికి లైబ్రరీలో జనమంతా ఒక్క ఫోటో ముందే గుంపు కట్టారు. ఒకటే నవ్వులు. షారోన్ బల్ల వెనక నిలబడి ఆ నవ్వులు వింటూ పెళ్లికూతురిలా మురిసిపోతోంది.

మురిసిపోదా మరి? ఆ ఫోటో కింద అట్ట మీద రాసింది తనే.

పేటలోని వాళ్లంతా తమ ఇళ్లలో ఉన్న పాత ఫోటోలు ప్రదర్శన కోసం లైబ్రరీకి ఇచ్చారు. ఒక్కో ఫోటోతో పాటు, దాని సంగతి చెప్పే ఉత్తరం కూడా కవరులో పెట్టి ఇచ్చారు. ఉత్తరం చదివి, అట్ట మీద నాలుగు ముక్కలు రాయమని లైబ్రేరియన్ శేఖర్ సార్ పిల్లలకు చెప్పారు. ఆరో తరగతి షారోన్‌కు ఆరు ఫోటోలు వచ్చాయి. ఆమె దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని సార్ నమ్మకం.

దస్తూరీ బాగానే ఉంది. కవర్లే ఒక్కటీ తెరవలేదు. ఫోటో చూస్తే తెలిసిపోదా, ఉత్తరాలు ఎవరు చదువుతారని ఆమె లెక్క.

ఈ ఫోటో ఎనుమాముల మార్కెట్‌లో నలభై ఏళ్ల కిందట తీసింది. కొండంత మిరపకాయల రాశి, పక్కన ఒకామె. చెయ్యి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడింది. అచ్చం ఫోన్ మాట్లాడుతున్నట్టే ఉంది. అందుకే షారోన్ ఇలా రాసింది: "హలో... హలో... జర గట్టిగ చెప్పు, సిగ్నల్ లేదు."

అది చదివి స్నేహితురాలు దివ్య కడుపు పట్టుకుని కింద కూలబడింది.

అప్పుడే ఇస్త్రీ చీర కట్టుకుని ఒక ముసలామె వచ్చింది. పేరు యాకమ్మ. ఆ ఫోటో ఇచ్చింది ఆమే. నేరుగా దాని ముందుకు వెళ్లి, కొంగుతో అద్దం తుడిచి, చాలాసేపు చూసింది. తర్వాత షారోన్‌ను పిలిచింది.

"నాకు సదువు రాదు బిడ్డా. మా అమ్మ పేరు ఏడ రాసిన్రో జర సదివి చెప్పు."

దివ్య మెల్లగా బీరువా చాటుకు జారుకుంది. ఏదో ఒక పేరు కల్పించి చెబుదామా అనుకుంది షారోన్. కానీ అమ్మ పేరు కూతురికి తెలియదా?

"పేరు రాయలే అవ్వా," అంది.

"మరేం రాసినవ్?"

షారోన్ తల వంచుకుని, ఉన్నది ఉన్నట్టు చదివింది.

యాకమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆమె ముఖం చిన్నబోయింది.

"మా అమ్మది గిదొక్కటే ఫోటో బిడ్డా. మనుమనితోని గంత పొడుగు ఉత్తరం రాయించి ఇస్తి. ఎవ్వలు సదువలేదా?"

షారోన్ పరుగున వెళ్లి కవరు తెచ్చింది. అక్కడే విప్పి, అందరికీ వినిపించేలా చదివింది. ఫోటోలోని ఆమె పేరు సారలమ్మ. మార్కెట్‌లో కూలి. మిరపకాయను చెవి దగ్గర ఊపి, లోపల గింజల చప్పుడును బట్టి అది ఎండిందో లేదో చెప్పేదట. గలగలమంటే ఎండినట్టు. చప్పుడు లేకపోతే తడి ఉన్నట్టు, బస్తాలో బూజు పడుతుంది. పెద్ద పెద్ద సేట్లు కూడా సారలమ్మ ఊఁ అన్నాకే బస్తాలు కుట్టించేవారట.

నవ్విన వాళ్లంతా మళ్లీ ఫోటో దగ్గరకు జరిగారు. ఆమె వేళ్ల సందులోంచి మిరపకాయ తొడిమ ఇప్పుడు అందరికీ కనిపించింది.

"మరి కండ్లెందుకు మూసుకుంది అవ్వా?" అని అడిగింది షారోన్.

"సుట్టూత మార్కెట్ లొల్లి గదా బిడ్డా. గంత లొల్లిల గింజ సప్పుడు ఇనాలంటె కండ్లు మూసుకోవాలె."

ఎనుమాముల లొల్లి షారోన్‌కు తెలుసు. నాన్నతో వెళ్లినప్పుడు, పక్కనే ఉన్న నాన్న పిలుపే ఆమెకు వినిపించలేదు. అలాంటి చోట ఈమె గింజల చప్పుడు వింది. షారోన్ రెప్ప వేయకుండా సారలమ్మను చూస్తూ ఉండిపోయింది.

తర్వాత పాత అట్ట పీకేసి, సారలమ్మ పేరుతో కొత్తది రాసింది. పైకి చదివింది. యాకమ్మ ఇంకోసారి చదవమంది. ఆ తర్వాత మరోసారి.

సాయంత్రం లైబ్రరీ మూసే వేళకు దివ్య బ్యాగు తగిలించుకుని, ఇంటికి పోదాం రమ్మంది. షారోన్ తను రాసిన మిగతా ఐదు అట్టలు కూడా తీసేసి, ఐదు కవర్లు ముందు పెట్టుకుని కూర్చుంది. మొదటి ఉత్తరం సగంలో ఉంది.

"నువ్వు పోవే," అంది తల ఎత్తకుండా. "ఈమె అయినంక ఇంక నలుగురున్నరు."