ముందు కుర్చీలో నూట మూడు

భోం!

ట్రంపెట్ మోతకు ముందు కుర్చీలో ఉన్న గుసగుస ఉలిక్కిపడ్డాడు. అతని ఫ్లూట్ కీచుమని ఆగిపోయింది. ఈ సాయంత్రం రిహార్సల్లో ఇది నాలుగోసారి.

అతని అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అంత మెల్లగా మాట్లాడతాడు కాబట్టి గుసగుస. వెనక కుర్చీలో ట్రంపెట్ ఊదే అమ్మాయిని సైరన్ అంటారు. ఎందుకో చెప్పక్కర్లేదు.

రేపే స్కూల్లో కచేరీ. గుసగుస వాళ్లమ్మ నర్సు. కొడుకు వాయిస్తుంటే ఒక్కసారైనా వినాలని డ్యూటీ మార్పించుకుని మరీ వస్తోంది.

"సార్, నేను రేపు వాయించను," అన్నాడు గుసగుస.

"నువ్వూ గట్టిగా ఊదితే పోయేదానికి ఈ అలకెందుకు?" అంది సైరన్. "నా ట్రంపెట్ ఏమంత గట్టిగా లేదు. కావాలంటే కొలిచి చూపిస్తా."

తన కంపు తనకింపు అన్నారు పెద్దలు. మోత సంగతీ అంతే మరి.

మ్యూజిక్ సార్ ఫోన్‌లో శబ్దాన్ని కొలిచే యాప్ ఉంది. సైరన్ ఆ ఫోన్‌ని ఫ్లూట్‌కి ఆనించినంత దగ్గరగా పట్టుకుంది. ఎనభై ఎనిమిది డెసిబెల్స్. తర్వాత దాన్ని తన ఒళ్లో పెట్టుకుని ట్రంపెట్ ఊదింది. ఎనభై నాలుగు.

"చూశారా! ఫ్లూట్ మోతే ఎక్కువ!"

రెండు అంకెలనూ బోర్డు మీద పెద్దగా రాసింది. అందరూ ఘొల్లుమని నవ్వారు.

గుసగుస ఫ్లూట్‌ని మూడు ముక్కలుగా విప్పి, పెట్టెలో సర్దుకుని బయటికి నడిచాడు. సార్ అతని వెనకే వెళ్లారు.

గెలిచింది సైరనే. అయినా మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టుంది. గుసగుస తన మ్యూజిక్ కాగితాన్ని స్టాండు మీదే మరిచిపోయాడు. దాన్ని తీయబోయి అతని కుర్చీలో కూర్చుంది. చేతిలో ఫోన్ ఇంకా కొలుస్తూనే ఉంది.

ఇదే సందని డ్రమ్స్ కొట్టే అబ్బాయి ఆమె కుర్చీ ఎక్కి, ఆమె ట్రంపెట్ అందుకున్నాడు.

భోం!

సైరన్ ఎగిరిపడింది. చెవుల్లో గుయ్యిమంది. ఫోన్ చూస్తే నూట మూడు.

"ఒరేయ్, అంత గట్టిగానా!"

"నువ్వు ఊదినట్టే ఊదాను కదే!"

సైరన్ వెనక్కి తిరిగి చూసింది. ట్రంపెట్ నోరు సరిగ్గా ఈ కుర్చీ వైపే తెరుచుకుని ఉంది. మోతంతా ముందుకే పోతోంది. ఇన్నాళ్లూ దాని వెనక కూర్చున్న తనకు ఆ సంగతే తెలియలేదు.

అప్పుడు కాగితం చూసింది. ట్రంపెట్ మొదలయ్యే నాలుగు చోట్లా పెన్సిల్‌తో సన్నగా రాసి ఉంది: "ఇప్పుడు వస్తుంది. బెదరకు."

సైరన్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి.

బోర్డు మీద ఎనభై నాలుగు చెరిపి నూట మూడు రాసింది. కాగితం మీద కూడా ఏదో చెరిపి, ఏదో రాసింది. ఒక్క పరుగున గేటు దగ్గరికి వెళ్లింది. గుసగుస, సార్ ఇంకా అక్కడే ఉన్నారు.

"నీ కుర్చీలో కూర్చున్నానురా," అంది. ఆమె గొంతు అంత మెల్లగా రావడం సార్ కూడా ఎప్పుడూ వినలేదు. "ఎలా ఓర్చుకున్నావు? రేపు రా, ప్లీజ్."

గుసగుస కాగితం అందుకున్నాడు. "మా అమ్మ చివరి వరసలో కూర్చుంటుంది. తనకి వినపడుతుందా?"

"వినపడుతుంది. చూస్తూ ఉండు."

మర్నాడు సైరన్ అందరికంటే ముందే వచ్చింది. తన కుర్చీని స్టేజీ చివరికి లాక్కుని, ట్రంపెట్ నోరు పక్కనున్న మందపాటి తెర వైపు ఉండేలా తిప్పుకుంది.

"అక్కడ కూర్చుంటే ఫోటోలో సగమే పడతావే!" అన్నాడు డ్రమ్స్ అబ్బాయి.

"పడనీ. సగమైనా నేనే కదా!"

కచేరీ మొదలైంది. ఫ్లూట్ ఒక్కటే హాలంతా సాగింది. చివరి వరసలో, నర్సు డ్రెస్‌లోనే వచ్చిన అమ్మ కళ్లు మూసుకుని వింటోంది.

మొదటి చోటు వచ్చింది. గుసగుస కాగితం వైపు చూశాడు. నిన్నటి నుంచి ఎన్నిసార్లు చదివాడో! తన పాత మాటలు చెరిపేసిన చోట గుండ్రటి అక్షరాలు ఉన్నాయి:

"ఇప్పుడు వస్తున్నా. మెల్లగా."

ట్రంపెట్ అన్నట్టుగానే వచ్చింది. గుసగుస ఉలిక్కిపడలేదు. ఫ్లూట్ ఆగలేదు.