నాలుగో టేబుల్, కిటికీ పక్క కుర్చీ

ఆ కబురు వచ్చేసరికి దారియా హై పార్క్ దగ్గర తను నడిపే స్ట్రీట్‌కార్, అదే ట్రాము, ఆపుకుని, డ్రైవర్ సీట్లో కాళ్ళు చాపుకుని, ఫ్లాస్కులో కాఫీ తాగుతోంది.

"అత్త ఒప్పుకుంది!" అని ఫోన్లో కేక పెట్టాడు నెవియో.

"పెళ్ళికా?"

"అంత లేదు తల్లీ. నిన్ను కూర్చోబెట్టడానికి. ఇవాళే, ఐదింటికి. నాలుగో టేబుల్."

దారియా ఫోనుకి చప్పుడయ్యేలా ముద్దు పెట్టింది. వెనక సీట్లో పేపరు చదువుతున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"విను. ఆల్చిప్పల పాస్తా వస్తుంది. దాని మీద చీజ్ అడగొద్దు" అన్నాడు నెవియో.

"నేనూ ఇటాలియన్‌నే, ఆ మాత్రం తెలీదా? మా అమ్మమ్మ వింటే నిన్ను చెప్పు తీసుకు కొట్టేది."

"తిన్నాక పాల కాఫీ అడగొద్దు."

"నెవియో, పెట్టెయ్."

"బ్రెడ్ తిరగేసి పెట్టొద్దు. అరిష్టం అంటుంది అత్త."

ఈసారి దారియా నవ్వలేదు. "అది మాత్రం చేసినా చేస్తాను. కంగారు పడితే నా వేళ్ళు నా మాట వినవు."

"గ్లాసు ఒలకకపోతే చాలు" అన్నాడు మెల్లగా.

టొరంటో కాలేజ్ స్ట్రీట్‌లో నెవియో అత్త ఎర్మెలిందా నడిపే హోటల్లో పద్నాలుగు టేబుళ్ళున్నాయి. గిరాకీ ఎంతున్నా పదమూడింటికే జనం కూర్చుంటారు. కిటికీ పక్కనున్న నాలుగో టేబుల్ మీద పదకొండేళ్ళుగా 'రిజర్వ్‌డ్' కార్డు కదల్లేదు. అది నెవియో నానమ్మ కొన్చెట్టాది. వీధి వీధంతా ఆవిడని నోన్నా, అంటే నానమ్మ, అనే పిలిచేది. పోయిన మర్నాటి నుంచి ఎర్మెలిందా రోజూ అక్కడ తల్లికి కంచం పెడుతుంది, బ్రెడ్ ముక్క పెడుతుంది, గ్లాసులో నాలుగు గుక్కల ఎర్ర వైన్ పోస్తుంది. ఇంటికి కొత్తగా రాబోయే పిల్ల ఎవరైనా ముందు ఆ ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చుని, ఒక్కతే భోంచెయ్యాలి.

ఇంతకు ముందు ఇద్దరు కూర్చున్నారు. ఇద్దరినీ తెచ్చింది ఎర్మెలిందా కొడుకు రెంజోయే. రెండుసార్లూ ఎవరూ ముట్టుకోకుండానే వైన్ గ్లాసు జరిగి కింద పడింది. "అమ్మకి ఇష్టం లేదు" అంది ఎర్మెలిందా రెండుసార్లూ. రెంజో ఇప్పుడు వాంకూవర్‌లో ఒంటరిగా ఉంటాడు. తల్లికి ఫోన్ కూడా చెయ్యడు.

"అత్త కాదంటే నీతో వచ్చేస్తాను" అని నెవియో చాలాసార్లు చెప్పాడు. అతను వస్తాడని దారియాకీ తెలుసు. కానీ అమ్మా నాన్నా లేని అతన్ని పెంచింది ఆ అత్తే. ఆవిడ మొహం తిప్పుకున్న పెళ్ళి తనకి వద్దు.

అసలు వాళ్ళ పరిచయమే తలుపు దగ్గర గొడవతో మొదలైంది. ఏప్రిల్‌లో ఒకరోజు సాయంత్రం. కదులుతున్న స్ట్రీట్‌కార్ తలుపు మీద హోటల్ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చిన ఒక కుర్రాడు పిండి చేత్తో దబదబా బాదాడు. అప్పటికే సిగ్నల్ పడింది, దారియా తీయలేదు. అతను వెనకాల ఇటాలియన్‌లో తిట్టినవన్నీ ఆమెకి అక్షరం పొల్లుపోకుండా అర్థమయ్యాయి. మర్నాడు అదే స్టాపులో తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. "మేడమ్, నిన్న నా చెయ్యి మీ తలుపు మీద మర్చిపోయాను. తుడిచి తీసుకెళ్తాను" అన్నాడు. చూస్తే ఐదు తెల్లటి వేళ్ళు, తలుపు అద్దం మీద నిజంగానే ఉన్నాయి. దారియా రెండు స్టాపుల దాకా నవ్వు ఆపుకోలేకపోయింది.

నవంబరు కదా, ఐదింటికే వీధి దీపాలు వెలిగాయి. సన్నటి వాన. హోటల్ లోపల పిజ్జాలు, నవ్వులు, ప్లేట్ల చప్పుడు. ఒక టేబుల్ దగ్గర యూనివర్సిటీ పిల్లలు పుట్టినరోజు పాట పాడుతున్నారు. దారియా నాలుగో టేబుల్ దగ్గరికి వచ్చేసరికి ఆ గోల ఎవరో తలుపు వేసినట్టు తగ్గిపోయింది. కూర్చోగానే మోకాళ్ళకి చల్లగా తగిలింది.

ఎదుటి కుర్చీ వంకరగా ఉంది. టేబుల్ వైపు కాకుండా వంటింటి వైపు తిరిగి ఉంది.

నల్ల కోటు, బిగించిన ముడి, పెదవుల మీద నవ్వు లేని ఎర్మెలిందా వచ్చి కుర్చీని సరిచేసింది. "రోజూ ఇలాగే తిరిగి ఉంటుంది. రోజూ నేనే సర్దుతాను" అంది. "ఏం ఉద్యోగం అన్నావ్?"

"స్ట్రీట్‌కార్ నడుపుతానండీ. ఈ వీధిలోదే."

"ఆడపిల్లవి, అంత బండా?"

"అది పట్టాల మీద పోతుందండీ. మీ మేనల్లుడి కంటే చెప్పిన మాట వింటుంది."

ఎర్మెలిందా నవ్వలేదు. కానీ వెళ్ళబోతూ ఒక్క క్షణం ఆగింది.

పాస్తా వచ్చింది. దారియా బ్రెడ్ తుంచింది, పక్కన పెట్టింది, చూసుకుంది. తిరగేసి పెట్టింది! పెచ్చున్న వైపు కిందికి, అడుగు ఆకాశానికి. అటునుంచి ఎర్మెలిందా నీళ్ళ జగ్గుతో వస్తోంది. చెయ్యి చాస్తే కనిపించిపోతుంది.

ఎర్మెలిందా నీళ్ళు పోసింది, టేబుల్ మీద ప్రతిదీ చూసింది, వెళ్ళిపోయింది.

దారియా కళ్ళు దించింది. బ్రెడ్ సరిగ్గానే ఉంది. పెచ్చు పైకి ఉంది. దాని చుట్టూ పిండి రేణువులు, ఇప్పుడే ఎవరివో వేళ్ళు తగిలినట్టు.

నెవియో వంటింట్లో ఉన్నాడు, చుట్టుపక్కల ఎవరూ లేరు. పరీక్షించి చూద్దామని, పిచ్చి ధైర్యంతో, బ్రెడ్‌ని మళ్ళీ తిరగేసింది. కిటికీ వైపు మొహం తిప్పి మూడు అంకెలు లెక్కపెట్టింది. చూసేసరికి బ్రెడ్ మళ్ళీ సరిగ్గా ఉంది.

భయం వెయ్యాలి. వేసింది కూడా. కానీ దాని అడుగున ఎక్కడో చిన్నప్పుడు క్లాసులో పక్క అమ్మాయి పలక చాటున జవాబు చూపించినప్పటి సంతోషం ఉంది. ఎదుటి కుర్చీలో ఎవరున్నా, తన పక్షమే!

అప్పుడు కిటికీ చూసింది. బయట చీకటి పడటంతో అద్దంలో హోటలంతా కనిపిస్తోంది. రోజుకి ఎనిమిది గంటలు అద్దంలో ప్రయాణికుల్ని చూడటం దారియా పని. ఎవరు నిద్రపోతున్నారో, ఎవరు దిగుతారో మొహం చూడకుండానే చెప్పగలదు.

అద్దంలో ఎదుటి కుర్చీ ఖాళీగా లేదు.

తెల్లటి జుట్టు, వంగిన భుజాలు, బూడిదరంగు స్వెట్టర్. మొహం కనిపించడం లేదు, వంటింటి వైపు తిరిగి ఉంది. ఒళ్ళో ఏదో మడత పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని, కుర్చీ అంచుకి జరిగి కూర్చుంది. దారియా ఆ కూర్చోవడం వెయ్యిసార్లు చూసింది. స్టాపు వస్తుందని ముందే సంచీ సర్దుకుని, బండి ఎప్పుడు ఆగుతుందా అని తలుపు వైపు చూసే ముసలమ్మల కూర్చోవడం అది.

దారియా తల తిప్పి సూటిగా చూసింది. కుర్చీలో ఎవరూ లేరు.

వైన్ గ్లాసు కదిలింది.

టేబుల్‌క్లాత్ మీద చిన్న ముడత కూడా పడకుండా, మెల్లగా, అంచు వైపు జరుగుతోంది. వంటింటి వైపు అంచుకి. వంటింటి తలుపు దగ్గర ఎర్మెలిందా కొయ్యబారి నిలబడింది. ఆవిడ వెనక నెవియో మొహం చేతిలోని పిండికంటే తెల్లగా ఉంది.

గ్లాసు సగం అంచు దాటింది.

దారియా చెయ్యి చాచలేదు. ముందుకి వంగి, బండిలో పెద్దవాళ్ళని అడిగే గొంతుతోనే అడిగింది.

"దిగాలా అమ్మా? నెమ్మదిగా. నేను ఆపుతాను, తొందరేం లేదు."

గ్లాసు ఆగింది. వైన్ ఒక్కసారి ఊగి నిలిచింది. చుక్క కూడా ఒలకలేదు.

ఎర్మెలిందా టేబుళ్ళ మధ్య నుంచి వచ్చింది. "ఏమన్నావ్? ఎవరితో?"

"ఆవిడకి ఇక్కడ చలేస్తోందండీ" అంది దారియా. "వంటింట్లోకి వెళ్ళాలని ఉంది. ఎవరి మీదా కోపం లేదు. పదకొండేళ్ళుగా తన స్టాపు వచ్చిందని చెబుతోంది, ఎవరూ ఆపడం లేదు."

"వంటింట్లోకా?" ఎర్మెలిందా మొహం ఎర్రబడింది. "నలభై ఏళ్ళు ఆ పొయ్యి ముందు కాలిపోయింది మా అమ్మ. ఇక సుఖంగా కూర్చోవాలని, వీధి చూస్తుందని, ఉన్నవాటిలో మంచి చోటు ఇచ్చాను. నువ్వెవరు చెప్పడానికి? నిన్న మొన్న వచ్చినదానివి!"

"అత్తా..." అన్నాడు నెవియో.

"నువ్వు నోరు ముయ్యి."

దారియా మళ్ళీ అద్దం చూసింది. ఇప్పుడు ఒళ్ళో మడత కొంచెం విడివడింది. "ఆవిడ ఒళ్ళో వంటకి కట్టుకునే ఏప్రన్ ఉంది. నీలం చారలది. ఒక మూల కాలింది, అక్కడ ఎర్రదారంతో కుట్టారు."

ఎర్మెలిందా కుర్చీ వెనక భాగం పట్టుకుంది.

"ఆ కుట్టు నాదే" అంది. "తొమ్మిదేళ్ళప్పుడు కుట్టాను. శవపేటికలో మంచి పట్టు గౌను తొడిగి, దాని కింద ఆ ఏప్రన్ నేనే దాచాను. పక్కింటివాళ్ళు నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. రెంజోకి కూడా." కొడుకు పేరు రాగానే ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "దేవుడా. గ్లాసు ఆ ఇద్దరమ్మాయిల్నీ వద్దనలేదు. రెంజోకి నేనేం చేశాను?"

"ఇంకా ఎనిమిది కూడా కాలేదు వాంకూవర్‌లో" అన్నాడు నెవియో. కళ్ళు తుడుచుకుంటూ, లెక్క సరిచూసుకుని, "ఎనిమిదేంటి, అక్కడ మూడు గంటలు వెనక కదా, మధ్యాహ్నం మూడు కూడా కాలేదు. ఫోన్ చెయ్యి అత్తా."

"చేస్తాను. ముందు ఇది కానీ."

ఎర్మెలిందా తల్లి కంచంలోని బ్రెడ్ తీసి రెండుగా తుంచింది. ఒక ముక్క దారియా చేతిలో పెట్టింది, ఒకటి నెవియో నోట్లో కుక్కింది. దారియా నుదుటి మీద ముద్దు పెట్టింది. ఆవిడ దగ్గర టమాటా వాసన, నుదుటి మీద కన్నీళ్ళ తడి.

"నాకు ఇంత భయపడని కోడలు వస్తుందనుకోలేదు" అంది.

"చచ్చేంత భయం వేసింది అత్తా" అంది దారియా. ఆ పిలుపు దానంతటదే నోట్లోంచి వచ్చేసింది. "నా కాళ్ళు చూడండి, ఇంకా వణుకుతున్నాయి."

నెవియో పక్కన వంగి, టేబుల్ కింద ఆ కాళ్ళ మీదికి తన పిండి చెయ్యి పెట్టాడు. దారియా యూనిఫాం ప్యాంటు మీద ఐదు తెల్లటి వేళ్ళు పడ్డాయి. "ఇది కూడా ఇక్కడే మర్చిపోతావా?" అంది గుసగుసగా.

"రోజూ వచ్చి తుడుస్తాను."

పుట్టినరోజు టేబుల్ గోల మళ్ళీ గట్టిగా వినిపించింది. మోకాళ్ళ దగ్గర చల్లదనం లేదు. 'రిజర్వ్‌డ్' కార్డు మాత్రం ఎవరూ చూడకుండానే టేబుల్ మీద బోర్లా పడి ఉంది.

ఎర్మెలిందా దాన్ని చూసి తల ఊపింది. ముక్కు చీదింది. మళ్ళీ మామూలు గొంతుతో, వంటవాళ్ళని అదిలించే గొంతుతో చెప్పింది.

"రేపు గురువారం, న్యోకి రోజు. పొద్దున్న పదింటికి ఇద్దరూ వంటింటి గుమ్మంలోంచి రండి. ముందు ఈ కుర్చీ మోసుకెళ్ళి ఓవెన్ పక్కన వేద్దాం. తర్వాత బంగాళదుంపలు ఉడకబెట్టి న్యోకి ఉండలు చుడదాం. ముగ్గురం..." అని ఆగి, ఖాళీ కుర్చీ వైపు చూసి సరిదిద్దుకుంది. "నలుగురం."