అత్త చెయ్యి పడని సరుకు

"పారబోసీసావా? మొత్తం పారబోసీసావేటే హేమా!" బుల్లమ్మ గుండెలు బాదుకుంటూ గుంట అంచున కూలబడిపోయింది.

గుంటలో రెండు తట్టల ఎండు నెత్తళ్ళ చేపలు ఎండకు తళతళ మెరుస్తున్నాయి. వాటి మీద కోడలు హేమ పారతో ఇసుక కప్పుతోంది. ఆమె కళ్ళలోనూ నీళ్ళే... కానీ చెయ్యి మాత్రం ఆగలేదు.

"ఈగల మందు సల్లిన సేపని ఎవరికెట్టమంటావత్తా? పసిపిల్లలు తింటారు! రేపు దేవుడి ముందర నిలబడి నానేటి సెప్పుకోవాలి?"

"మబ్బేసింది, ఈగలు ముసిరినాయి, నీ సరుకు పాడైపోతాదని కదే సల్లినాను! నాకేటి సరదానా?"

చేపలు ఆరబెట్టిన మంచెల పక్కన పని చేస్తున్న ముగ్గురు ఆడవాళ్ళూ తలలు తిప్పుకున్నారు. ఆ ముగ్గురి ముందే హేమ నోటి నుంచి ఆ మాట వచ్చేసింది. "ఇకమీదట నా మంచెల మీద నీ సెయ్యి పడొద్దు అత్తా! నీ సెయ్యి పడిన సరుకు నాకొద్దు!"

బుల్లమ్మ ఏడుపు ఠక్కున ఆగిపోయింది. నలభై ఏళ్ళు తట్ట నెత్తిన పెట్టుకుని భావనపాడు నుంచి ఊరూరా తిరిగి చేపలమ్మిన మనిషి ఆమె. మొగుడిని సముద్రం మింగేస్తే, ఆ చేతులతోనే ఒక్కగానొక్క కొడుకు గోవింద్‌ను పెంచింది. ఆ చేతుల వంక ఒకసారి చూసుకుని, కొంగుకు తుడుచుకుని, ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఆ అత్తాకోడళ్ళు అంతకుముందెప్పుడూ అలా గొడవపడినవాళ్ళు కారు. గోవింద్ ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్‌లో వెరావల్ చేపల బోట్ల మీదే పనిలో ఉంటాడు. అయిదేళ్ళ కిందట కడుపు పోయి హేమ మంచం పట్టినప్పుడు, ప్రార్థన మందిరం ఆడవాళ్ళు వంతులేసుకుని ఇరవై రోజులు గంజి తెచ్చి పోశారు. లేచి తిరిగాక హేమ వాళ్ళతో పాటు ప్రార్థనకు వెళ్ళడం మొదలుపెట్టింది. బుల్లమ్మ వద్దనలేదు. "మీ దేవుడు మంచోడిలాగే ఉన్నాడులే, గంజొట్టుకొచ్చినాడు," అని నవ్వింది. తన గంగమ్మకు తాను మొక్కుకుంటూనే ఉంది.

కిందటేడు తనతో ప్రార్థనకు వచ్చే ఆ ముగ్గురినీ కలుపుకుని హేమ ఎండుచేపల వ్యాపారం తలపెట్టింది. వారం రోజులు ప్రార్థన చేసి, ఇంటి పక్క షెడ్డు గోడ మీద సుద్దముక్కతో మూడు మాటలు రాసింది. ఇసుక మీద ఎండబెట్టం. మందు చల్లం. ఆదివారం పని ముట్టం. వెదురు మంచెలు కట్టి, వాటి మీద పాత వలలు పరిచి, శుభ్రంగా ఎండబెట్టేవాళ్ళు. శనివారం సాయంత్రానికల్లా సరుకంతా సంచుల్లోకి ఎత్తేసేవాళ్ళు.

ఆ మూడో మాట విని బుల్లమ్మ పడీపడీ నవ్వింది. "సేపకి ఆదివారం తెలుస్తాదేటే? కుళ్ళడానికి అది సెలవెట్టదు కదే!"

ఇప్పుడా నవ్వు లేదు... ఆ గొడవ తరువాత బుల్లమ్మ మంచెల దగ్గరికి రాలేదు. వంట చేసేది, నీళ్ళు మోసేది, అరుగు మీద కూర్చుని పొడుగాటి వెదురుకర్రతో కాకుల్ని తోలేది. కర్ర చివర కూడా మంచెకు తగలకుండా జాగ్రత్త పడేది! అది చూసినప్పుడల్లా హేమ చేతిలో పని ఆగిపోయేది. 'అత్తా, రా' అని పిలవాలనిపించేది. కానీ తాను నిలబడింది దేవుడి మాట మీద కదా, తగ్గితే ఎలా అనుకునేది. అది దేవుడి మాటో తన పంతమో విడదీసి చూసుకునే ధైర్యం ఆమెకు లేకపోయింది.

అలాంటి సమయంలో నరసన్నపేట నుంచి హరిబాబు అనే షావుకారు కబురు పెట్టాడు. సోమవారానికి సరుకు కావాలి, నచ్చితే నెలనెలా తీసుకుంటాడు! అది కుదిరితే నలుగురి ఇళ్ళూ నిలబడతాయి. తప్పితే షెడ్డు మూసేసి మళ్ళీ కూలికి పోవడమే.

శనివారం ఎండ సరిగా కాయలేదు. చేప సగమే ఎండింది. సంచుల్లోకి ఎత్తితే తెల్లారేసరికి కంపు కొడుతుంది.

"రేపొక్క పూటకి నానుంటాను ఒదినా. వానొస్తే పట్టా కప్పేస్తాను," అంది ముగ్గురిలో చిన్నదైన దుర్గాభవాని.

"వద్దు. మూడో మాట తప్పొద్దు. మంచెల మీదే ఉండనీ. రేపు పైనున్న ఆయనే సూసుకుంటాడు."

అరుగు మీద నుంచి బుల్లమ్మ ఆకాశం వైపు చూసింది.

ఆదివారం ప్రార్థన సగంలో ఉండగా ఉరుము ఉరిమింది. రేకుల మీద టపటపా చినుకులు... పక్కనే కూర్చున్న పాస్టరుగారి భార్య రాజకుమారి హేమ భుజం తట్టింది. "వెళ్ళమ్మా, వెళ్ళి చూసుకో. దేవుడేమీ అనుకోడు."

"ఇది నా విశ్వాసానికి పరీక్షమ్మగారూ..." హేమ కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుంది. లేవబోయిన దుర్గాభవాని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. 'ప్రభువా, నువ్వే చూసుకో... నువ్వే చూసుకో...' గంటసేపు వాన దంచికొట్టింది.

వాన తగ్గాక నలుగురూ పరుగున వచ్చారు. మంచెలన్నిటి మీదా పట్టాలు కప్పి ఉన్నాయి! మూలమూలకూ తాళ్ళు బిగించి ఉన్నాయి. పట్టా చాలని చోట బుల్లమ్మ దుప్పటి, ఆమెకున్న రెండు మంచి చీరలు... ఎత్తి చూస్తే ఒక్క చేప తడవలేదు.

"అత్తా!"

చివరి మంచె కింద బురదలో ముడుచుకుని కూర్చుని ఉంది బుల్లమ్మ. నిలువెల్లా వణికిపోతోంది. ఆమె చేతులకు మోచేతుల దాకా చేపలు ప్యాకింగ్ చేసే ప్లాస్టిక్ కవర్లు! జారిపోకుండా వలదారంతో కట్టుకుంది.

"సూడే... నీ మాట పోనియ్యనేదు," పళ్ళు టకటక కొట్టుకుంటుంటే అంది. "సెయ్యి పడనియ్యనేదు... ఆదివారం నీకు గానీ నాకేటే? నాను గంగమ్మ మనిషిని. మీ దేవుడికి కోపం రాదు..."

హేమ ఆ బురదలోనే ఆమె కాళ్ళ మీద పడిపోయింది.

ఆ రాత్రికి పట్టిన జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. శ్రీకాకుళం ఆసుపత్రిలో డాక్టర్లు చేయగలిగినదంతా చేశారు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం బుల్లమ్మ కళ్ళు తెరిచింది.

"సరుకెల్లిందేటే?"

"ఎల్లింది అత్తా. సోమారం ఎండ కాసింది, ఆరబెట్టి పంపినాం. నెలనెలా పంపమన్నారు... నువ్వు నన్ను కొట్టత్తా! ఒక్క దెబ్బయినా కొట్టు!"

"కొట్టడానికి బలం ఏదే..." బుల్లమ్మ నవ్వబోయింది, దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక, భయపడుతున్నట్టు మెల్లగా అడిగింది. "మరయితే అమ్మీ... ఇకమీదట నా సెయ్యి ఎయ్యొచ్చేటే?"

చేపల పొలుసులు గీసి గీసి కాయలు కాసిన ఆ చేతిని హేమ తీసి తన నెత్తి మీద పెట్టుకుంది. వేళ్ళు ఆమె జుట్టులో మెల్లగా కదిలాయి... కదిలి కదిలి ఆగిపోయాయి.

గోవింద్ రైలు దిగేసరికి ఆలస్యమైపోయింది. తల్లి ఎలా పోయిందో హేమ దాచకుండా చెప్పింది. అతను వెళ్ళి తల్లి కూర్చునే అరుగు మీద, ఆమె కాకుల్ని తోలే కర్ర పట్టుకుని కూర్చున్నాడు. అదే హేమకు పెద్ద శిక్ష అయింది.

రాజకుమారి వచ్చి ఓదార్చింది. "నువ్వడిగినట్టే ఆయన చూసుకున్నాడమ్మా హేమా... మీ అత్తగారి చేతులతో."

"ఆ సేతుల్ని నానే కదమ్మగారూ వద్దన్నాను!" హేమ భోరుమంది.

షెడ్డు నడుస్తోంది. గోడ మీది మూడు మాటలూ అలాగే ఉన్నాయి. కానీ హేమ ఇప్పుడు ప్రార్థనలో ముందు వరసలో కూర్చోదు. తలుపు పక్కన కూర్చుంటుంది.

ఒక ఆదివారం మళ్ళీ ఉరిమింది. హేమ లేచింది. పాస్టరుగారు ప్రార్థన ఆపలేదు, ఆమె వైపు కోపంగానూ చూడలేదు. ఆమె వెనకే దుర్గాభవాని, మిగతా ఇద్దరూ పరుగెత్తారు.

పట్టాలు కప్పి తాళ్ళు బిగిస్తూ హేమ చివరి మంచె దగ్గరికి వచ్చింది. అక్కడ ఒక మూల ముడి వేయనక్కరలేదు. ఆ వానరోజు బుల్లమ్మ వేసిన ముడి అలాగే ఉంది. చేతులకు కవర్లు కట్టుకుని వేసిన ముడి కదా, అంతా వంకర! ఇన్నాళ్ళూ హేమ దాన్ని ఎవరినీ విప్పనివ్వలేదు. పట్టాను మిగతా మూడు మూలల నుంచే ఎత్తుతారు.

వాన జోరందుకుంది. హేమ ఆ ముడి మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది.

"అత్తా... సరుకు తడవనేదు..."