నరసింహులు కాదన్న సంగతి

"స్కాన్‌లో ఏమీ లేదంటారు. మా నాయనేమో పొద్దున తిన్నది మాపటికి మర్చిపోతాండాడు. తేడా యాడుండాది, మిషన్లోనా, మీలోనా?"

2009లో నంద్యాల స్కానింగ్ సెంటర్లో టెక్నీషియన్ మహేష్‌ను ఇంద్రజ అడిగిన మొదటి మాట అది. అందమైన అమ్మాయి తిడితే సగమే వినపడుతుందంటారు. మహేష్‌కు ఆ సగమూ వినపడలేదు.

పక్కనున్న ఆమె తండ్రి నరసింహులు కండక్టరుగా రిటైరయ్యాడు. అందుకని డాక్టరు చెప్పిందే మహేష్ ఇంకోలా చెప్పాడు.

"నంద్యాల ఉండాది, ఆళ్లగడ్డా ఉండాది. మధ్యలో బస్సులే సరిగ్గా తిరగడంల్యా. మెదడులో ఒక చోటికీ ఇంకో చోటికీ రాకపోకలు తగ్గినాయి. ఇది మొదలే. మందులేసుకుంటా, నలుగురితో మాట్లాడతా ఉండాల."

నరసింహులు నవ్వాడు.

"నువ్వు డిపో మేనేజరువా?" అంది ఇంద్రజ. కానీ ఆమెకూ నవ్వొచ్చింది.

ఆ తర్వాత మహేష్‌కు వాళ్లుండే ఆళ్లగడ్డలో ఏదో ఒక పని తగులుతూనే ఉంది. రిపోర్టు ఇవ్వడానికి ఒకసారి, దాని కవరు ఇవ్వడానికి ఇంకోసారి.

"ఈసారి ఆ కవరంటించను గోందు తెస్తావా?" అంది ఇంద్రజ, వానలో తడిసి వచ్చినవాడికి తువ్వాలు అందిస్తూ. ఆ వానలు తగ్గేలోపే ఇద్దరూ పెళ్లి చేసుకుందామనుకున్నారు.

ఒక ఆదివారం మహేష్ పెద్దాయన్ని అడిగేశాడు.

"నా రోగం చూసి జాలిపడి అడుగుతాండావ్. ఇయ్యను," అన్నాడు నరసింహులు.

మరుసటి ఆదివారానికి ఆయనకు ఆ సంగతే గుర్తు లేదు. ఇంద్రజ మేనత్త కమలాక్షమ్మ మహేష్‌ను వంటింట్లోకి పిలిచింది.

"పోయినవారం సరేనన్నాడని చెప్పు అబ్బీ. మాయన్నకేం గుర్తుంటాది?"

పొయ్యి దగ్గరున్న ఇంద్రజ, ఏమంటాడోనని మహేష్ వైపు చూసింది. మహేష్‌కు నిజంగానే ఆశ పుట్టింది. ఒక్క అబద్ధమాడితే పెళ్లయిపోతుంది.

వరండాలోకి వెళ్లి పెద్దాయన పక్కన కూర్చున్నాడు.

"సార్, పోయినవారం మీ పాపను ఇమ్మని అడిగినా. మీరు కాదన్నారు."

"ఎందుకన్నా?"

"జాలిపడి చేసుకుంటాండానని."

"నిజమేనా?"

"మీ పాప నోటితో వేగాల్సింది నేను. జాలి నామీద పడాల."

నరసింహులు నవ్వబోయి ఆగిపోయాడు.

"సరేనన్నానని చెప్పింటే నమ్మేవాణ్ణి గదప్పా. ఇంట్లో అందరూ వాళ్లకు ఇష్టమొచ్చినట్టు నాకు చెప్తాండారు. ఏది నిజమో నాకు తెలీడంల్యా. శానా భయమైతాది."

గుమ్మం దగ్గర ఇంద్రజ తల వంచుకుంది. ఆమెను దగ్గరికి పిలిచాడు.

"ఈయబ్బిని చేసుకో పాపా. నేనేం మర్చిపోయినా, ఉన్నదున్నట్టు చెప్పే మనిషి ఒకడు ఇంట్లో ఉండాల."

"వచ్చేవారం మళ్లా కాదంటే?" అంది ఇంద్రజ కళ్లు తుడుచుకుంటూ.

"మళ్లా అడగమను."